బండిని బతికించేవాళ్ళను ఏం అడగాలి

బళ్ళారిలో బండెక్కి గుంతకల్లు దారి పట్టినా, రాయదుర్గం దారి పట్టినా, ఆలూరు దారి పట్టినా గంటలోపే ఆంధ్రలో ఉంటాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, మిగతా జిల్లా మైసూరులో కలిసింది. గీత పడింది గానీ సంతలూ పెళ్ళి సంబంధాలూ పొలం పనులూ విడిపోలేదు. వాటన్నిటి మధ్యా పొద్దున లేచింది మొదలు తిరిగేది మోటారుసైకిలు. కేఏ 34 నంబరు బండి ఉరవకొండలో ఆగి ఉన్నా, ఏపీ నంబరు బండి బళ్ళారిలో జీన్స్ మూటలు ఎత్తుకుంటున్నా ఇక్కడ ఎవరూ తిరిగి చూడరు.

బైకుల సంస్కృతి అనగానే మనకు గుర్తొచ్చేవాళ్ళు వేరే ఉన్నారు. లడఖ్ వెళ్ళొచ్చినవాళ్ళు, హెల్మెట్‌కు కెమెరా బిగించి వీడియోలు తీసేవాళ్ళు, రేసుల్లో గెలిచినవాళ్ళు, లక్షలు పోసి బండికి కొత్త రూపం ఇచ్చినవాళ్ళు. వాళ్ళను ఇంటర్వ్యూ చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు, ఆ ఇంటర్వ్యూలు నేనూ ఇష్టంగా చూస్తాను. కానీ ఈ సరిహద్దులో బండి గుట్టు బాగా తెలిసినవాళ్ళు రేకుల షెడ్డు కింద, కిరోసిన్ డబ్బా పక్కన, పీట మీద కూర్చుని ఉంటారు. కస్టమరు తెలుగువాడైతే తెలుగులో, కన్నడిగుడైతే కన్నడలో, పక్క షెడ్డువాడితో దక్కనీ ఉర్దూలో మాట్లాడతారు. తీరిగ్గా కూర్చుని వాళ్ళను ఎవరైనా అడిగింది తక్కువ. వాళ్ళకు తెలిసింది ఎలాంటి విద్య, దాన్ని మాటల్లోకి రప్పించాలంటే ఏం అడగాలి, వాళ్ళు చెప్పినదాన్ని ఇంజను లోపలి సంగతి తెలియని మనం ఎలా అర్థం చేసుకోవాలి? ఈ వ్యాసం దాని గురించే.

ముందు వాళ్ళు మనల్ని అడిగే ప్రశ్నలతో మొదలుపెట్టడం మంచిది. మంచి మేస్త్రి పానా పట్టుకునే ముందు మాట్లాడతాడు.

“ఏమైందన్నా బండికి?”

“ఆగిపోతాంది భాయ్.”

“పొద్దన్నే చల్లగున్నప్పుడు స్టార్ట్ అయితాందా?”

“అప్పుడు ఒక్క కిక్కుకే అయితాంది. పది కిలోమీటర్లు పోయినాక ఆగిపోతాంది. కాసేపు నిలబెడితే మళ్ళా అయితాంది.”

“దీన్ని ఇంతకు ముందు ఎవరు ముట్టుకున్నారు?”

ఈ నాలుగు మాటల్లో సగం రోగం బయటపడింది. ఇంజను నడవడానికి మూడే కావాలి: గాలితో సరైన పాళ్ళలో కలిసిన పెట్రోలు, సరైన క్షణంలో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ, ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కిపెట్టే కంప్రెషన్. బండి మొరాయించిందంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి లేదని అర్థం. చల్లగా ఉన్నప్పుడు సులువుగా స్టార్టయి, వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్ళీ లేచే బండిలో పెట్రోలు దారిని అనుమానించేముందు మేస్త్రి కరెంటు దారిని అనుమానిస్తాడు. ఇగ్నిషన్ కాయిల్ లోపల సన్నటి రాగితీగ చుట్లు ఉంటాయి. వాటి పైపూత ఎక్కడో దెబ్బతింటే వేడికి ఆ చుట్లు ఒకదానికొకటి అంటుకుని రవ్వ బలహీనపడుతుంది, చల్లారితే మళ్ళీ మామూలవుతుంది. వాల్వులను కదిపే టాపెట్లు మరీ బిగుతుగా ఉన్నా ఇంచుమించు ఇదే లక్షణం. వేడికి లోహం సాగి వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది. కాబట్టి “చల్లగున్నప్పుడా, వేడైనాకనా” అనే ప్రశ్న ఊసుపోక అడిగింది కాదు, దాని జవాబుతో అనుమానితుల సంఖ్య సగానికి పడిపోతుంది.

“ఎవరు ముట్టుకున్నారు” అన్నదాని వెనక ఇంకో లెక్క ఉంది. బండి తనంతట తాను పాడయ్యే తీరు ఒకటి, ఎవరో విప్పి సరిగ్గా బిగించకపోతే పాడయ్యే తీరు ఇంకొకటి. రెండో రకంలో లక్షణాలు కలగాపులగంగా ఉంటాయి. మనలో చాలామంది ఈ ప్రశ్నకు మొహమాటపడి, పక్క ఊళ్ళో చూపించిన సంగతి దాచేస్తాం. చెప్పేస్తే పని తొందరగా అవుతుంది, డబ్బూ తక్కువ పడుతుంది.

తర్వాత ప్లగ్గు విప్పుతాడు. ఈ ఘట్టాన్ని దగ్గర నుంచి చూడటం ఎవరికైనా మంచి చదువు. ప్లగ్గు మొన దగ్గర తెల్లటి పింగాణీ గొట్టం ఉంటుంది. అది లేత గోధుమరంగుకు తిరిగి ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి నల్లగా పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, లేదా గాలి తక్కువ అందుతోంది. నలుపు తడిగా, జిడ్డుగా ఉంటే ఇంజనాయిలు పైకొచ్చి మండుతోంది, అంటే రింగులో వాల్వు సీళ్ళో అరిగాయి. మరీ తెల్లగా సున్నం కొట్టినట్టుంటే గాలి ఎక్కువై, పెట్రోలు చాలక ఇంజను అతిగా వేడెక్కుతోంది. వీటిలో చివరిదే ప్రమాదకరం, అలాగే తోలితే పిస్టన్ కరుచుకుపోతుంది. పొగ కూడా ఇదే కథ చెబుతుంది. నీలిపొగ ఆయిలుది, నల్లపొగ ఎక్కువైన పెట్రోలుది, చలికాలం ఉదయం కాసేపు కనబడి మాయమయ్యే తెల్లపొగ ఉత్త నీటావిరి. కస్టమరుగా మీరు “పొగ కొడుతోంది” అని ఊరుకోకుండా ఏ రంగు, ఎప్పుడు, స్టార్టు చేయగానేనా, యాక్సిలరేటరు వదిలి మళ్ళీ తిప్పినప్పుడా అన్నది చెబితే అవతలి మనిషి ముఖంలో మార్పు కనిపిస్తుంది. అప్పటినుంచి ఆయన మీతో మాట్లాడే పద్ధతే మారుతుంది.

పాత కాస్ట్ ఐరన్ ఇంజను బుల్లెట్టు ఉన్న షెడ్డులో అడగదగ్గ మొదటి విషయం, దాన్ని స్టార్టు చేయడం ఎలా అని. ఒక్క బలంతో అయ్యే పని కాదది. 350 బుల్లెట్టులో పిస్టన్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, అది కిందికీ పైకీ కదిలే దూరం 90 మిల్లీమీటర్లు. వెడల్పు కంటే పొడవు ఎక్కువైన ఈ నిర్మాణం వల్లే నిదానంగా తిరుగుతూనే బరువు లాగుతుంది, ఆ దుడుదుడు చప్పుడూ అందువల్లే. తాళం తిప్పి కిక్కును చేత్తో తోసినంత నెమ్మదిగా కాలితో నొక్కుతూ పోతే ఒకచోట గట్టిపడి ఆగుతుంది. హెడ్‌లైట్ డూము మీద అమ్మీటరు ముల్లు ఎడమకు వాలి ఉన్నది మధ్యకు వస్తుంది. అంటే ప్లగ్గుకు రవ్వ పంపే పాయింట్లు తెరుచుకున్నాయి, పిస్టన్ పైకొచ్చింది. అప్పుడు ఎడమచేతి కింద ఉన్న చిన్న డీకంప్రెషన్ లివరు లాగితే లోపల నొక్కుకుని ఉన్న గాలి బయటికి పోతుంది. కిక్కును ఇంకొంచెం కిందికి నెట్టి, లివరు వదిలి, కిక్కును పూర్తిగా పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క తొక్కు. పిస్టన్ ఎక్కడుందో చూసుకోకుండా తొక్కితే కిక్కు ఎదురుతన్ని కాలిమడమ దెబ్బతింటుంది. ముల్లును చూసి పిస్టన్ ఎక్కడుందో తెలుసుకోవడం తరాలుగా తండ్రి కొడుకుకూ ఉస్తాదు కుర్రవాడికీ చూపిస్తూ వచ్చిన పాఠం. మద్రాసు మోటార్సు 1955లో ఇంగ్లండు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టినప్పటి నుంచి, 1994లో ఐషర్ కంపెనీ దాన్ని తీసుకుని రాయల్ ఎన్‌ఫీల్డ్ మోటార్స్ అని పేరు మార్చాక కూడా కొన్నేళ్ళపాటు, ఈ పాఠం రానివాళ్ళు బుల్లెట్టు కొనడానికి జంకేవారు. మీట నొక్కితే లేచే కొత్త బుల్లెట్లకు దీని అవసరం లేదు. అందుకే ఇది తెలిసినవాళ్ళను ఇప్పుడే అడగాలి.

ఇక ఈ ప్రాంతానికే చెందిన సంగతులకు వద్దాం. సండూరు కొండల ఇనుపరాయి దుమ్ము ఎలాంటిదో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. 2000 తర్వాతి దశకంలో ఖనిజం లారీలు రాత్రింబవళ్ళు తిరిగి హొసపేట, తోరణగల్లు దారుల్లో చెట్ల ఆకులు కూడా ఎర్రబడ్డాయి. 2011 జులై 29న సుప్రీంకోర్టు జిల్లాలో గనుల తవ్వకాన్ని ఆపింది, ఆ తర్వాత షరతులతో మళ్ళీ మొదలైంది. ఇంజను దృష్టితో చూస్తే ఈ ఎర్రదుమ్ము ఒక శత్రువు. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే లోపలికి గాలి తగ్గుతుంది, మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది. అంతవరకైతే నష్టం చిన్నదే. ఫిల్టరు చిరిగినా, గాలి లీకయ్యేలా బిగించినా ఆ దుమ్ము సిలిండరులోకి పోయి ఆయిలుతో కలిసి ఉప్పుకాగితంలా గోడలను గీస్తుంది. కంపెనీ పుస్తకంలో ఫిల్టరు శుభ్రం చేయడానికి ఇన్ని వేల కిలోమీటర్లు అని రాసి ఉన్నా, దుమ్ములో తిరిగే బండికి అంతకంటే చాలా ముందే చూడాలని అదే పుస్తకంలో ఇంకోచోట రాసి ఉంటుంది. ఆ రెండో వాక్యాన్ని మనం చదవం. గనుల వైపు పనికి పోయే కుర్రవాళ్ళ బళ్ళు చూసే మేస్త్రిని “ఎన్నాళ్ళకు ఫిల్టరు చూడాల?” అని అడగండి. ఆయన చెప్పే లెక్క పుస్తకంలోని లెక్క కంటే మీ దారికి దగ్గరగా ఉంటుంది. గొలుసు సంగతీ అంతే. ఎక్కువ ఆయిలు పోస్తే మంచిదనుకుంటారు, కానీ దుమ్ముదారిలో ఆ జిడ్డుకే ఇసుక అంటి గొలుసు, స్ప్రాకెట్ పళ్ళు తొందరగా అరుగుతాయి. తుడిచి, పల్చగా రాసి, మిగిలింది మళ్ళీ తుడిచెయ్యాలి.

తూర్పున, ఉత్తరాన నల్లరేగడి. సిరుగుప్ప, ఆలూరు, హొళగుంద వైపు వాన పడ్డాక పొలం బాటలో బండి తోలినవాళ్ళకు తెలుసు, చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి దిమ్మకట్టి చక్రం తిరగనే తిరగదు. పుల్లతో గీకి నాలుగడుగులు పోతే మళ్ళీ అదే. అందుకే రైతులు వానాకాలంలో ముందు మడ్‌గార్డు విప్పేస్తారు, లేదా కమ్మీలు వంచి పైకెత్తి బిగిస్తారు. పట్నంవాళ్ళకు ఇది మోటుగా కనిపించవచ్చు. కానీ మోటోక్రాస్ రేసు బళ్ళ బొమ్మలు ఒకసారి చూడండి. వాటి ముందు మడ్‌గార్డు చక్రానికి జానెడు పైన, ఫోర్కు మొదట్లో ఉంటుంది. కారణం అక్షరాలా ఇదే, బురద ఇరుక్కోకూడదని. జపాను, ఆస్ట్రియా ఇంజనీర్లు చేసిన ఆలోచననే రేగడి రైతూ వెల్డింగ్ షాపు మనిషీ కలిసి చేశారు. బైకు ప్రపంచంలో సృష్టికర్త అనే మాట ఖరీదైన వర్క్‌షాపులకే ఎందుకు పరిమితం చేస్తామో నాకు అర్థం కాదు. గుజరాత్‌లోని అమ్రేలి జిల్లాలో మన్‌సుఖ్‌భాయ్ జగానీ బుల్లెట్టు వెనక చక్రం తీసేసి, రెండు చక్రాల ఇరుసూ గుంటక పళ్ళూ బిగించి ‘బుల్లెట్ సంతీ’ అనే పొలం బండి చేశాడు. దాన్ని జాతీయ ఆవిష్కరణల సంస్థ గుర్తించింది, పేటెంటు దక్కింది. ఎవరో వెళ్ళి అడిగి రాసుకున్నారు కాబట్టే ఆయన పేరు మనకు తెలిసింది.

టీవీఎస్ మోపెడ్‌దీ అలాంటి కథే. 1980లో హోసూరు నుంచి వచ్చిన టీవీఎస్ 50 ఇద్దరు కూర్చోగలిగిన మొదటి భారతీయ మోపెడ్. ఆ వంశంలో పుట్టిన ఎక్సెల్ మీద బళ్ళారిలో జీన్స్ గుడ్డల మూటలు కటింగు దగ్గర నుంచి ఇళ్ళల్లో కుట్టేవాళ్ళకూ, అక్కడి నుంచి వాషింగుకూ తిరుగుతుంటాయి. కాళ్ళ మధ్య ఖాళీ జాగా ఉండటం దాని అసలు గొప్పతనం. మూట అక్కడ పెడితే బరువు బండి మధ్యలో, కిందుగా పడుతుంది, తోలేవాడి అదుపు తప్పదు. వెనక క్యారియరు మీద అదే బరువు పెడితే ముందు చక్రం తేలిపోయి హ్యాండిలు వణుకుతుంది. మూటలు మోసేవాళ్ళను అడగండి, బరువు ఎక్కడ పెడితే బండి ఎలా నడుస్తుందో వాళ్ళు చెప్పే తీరు ఇంజనీరింగు పాఠానికి తీసిపోదు.

టూ స్ట్రోకు బళ్ళ మీద ప్రేమ ఈ ప్రాంతంలో ఇంకా చావలేదు. దాన్ని అర్థం చేసుకోవాలంటే తేడా తెలియాలి. ఫోర్ స్ట్రోకు ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి మంట పుడుతుంది. టూ స్ట్రోకులో ప్రతి చుట్టుకూ పుడుతుంది. ఫోర్ స్ట్రోకులోలాంటి వాల్వులు లేవు, టాపెట్లు లేవు, సిలిండరు గోడకున్న రంధ్రాలను పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. అందుకే 98 సీసీల యమహా ఆర్ఎక్స్ 100 పదకొండు గుర్రాల శక్తితో అంత చురుగ్గా లేస్తుంది. ఎస్కార్ట్స్ కంపెనీ దాన్ని 1985 నుంచి 1996 దాకా ఇక్కడ తయారుచేసింది. మైసూరులో ఐడియల్ జావా 1961 నుంచి చెకోస్లోవాకియా లైసెన్సుతో జావాలు, 1973 నుంచి యెజ్డీ పేరుతో బళ్ళు చేసి 1996లో మూతపడింది. ఒకే సిలిండరుకు రెండు సైలెన్సర్లు, కిక్కు రాడ్డే మడిచి గేరు రాడ్డుగా వాడుకునే ఏర్పాటు వాటి గుర్తులు. టూ స్ట్రోకులో ఆయిలు పెట్రోలుతోపాటే మండి పొగగా పోతుంది, కొంత మండని పెట్రోలూ బయటికి జారుతుంది. కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ వాటికి చోటు లేకుండాపోయింది. అది సరైన నిర్ణయమే, మనం పీల్చే గాలి సంగతి అది. 2018 నవంబరులో జావా, 2022 జనవరిలో యెజ్డీ పేర్లు తిరిగి వచ్చినా అవి ఫోర్ స్ట్రోకు బళ్ళే. పాత జావా, యెజ్డీల అభిమానులు మాత్రం ఏటా జులై రెండో ఆదివారం ఊళ్ళల్లో బళ్ళతో కలుసుకుంటారు.

ఆ పాత బళ్ళు ఇంకా తిరుగుతున్నాయంటే లేత్ పనివాళ్ళ చలవ. వీళ్ళ గురించి రాసినవాళ్ళు మెకానిక్కుల గురించి రాసినవాళ్ళ కంటే కూడా తక్కువ. పిస్టన్ పైకీ కిందికీ పోతూ ఒక పక్కకు ఎక్కువ ఒత్తుతుంది కాబట్టి సిలిండరు గుండ్రటి ఆకారం కోల్పోయి ఓ పక్కకు సాగుతుంది. దాన్ని మళ్ళీ గుండ్రంగా కోసి, అంటే బోరు చేసి, పెద్ద సైజు పిస్టన్ వెయ్యాలి. సైజులు పావు మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి, లెక్క మిల్లీమీటరులో వందో వంతుల్లో: 25, 50, 75, 100. బోరు ఒకసారి 100 దాటితే ఇక ఆ సిలిండరుకు స్లీవు వేయడమో, మార్చడమో తప్పదు. చాలా బళ్ళలో పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండాల్సిన సందు తలవెంట్రుక మందం కంటే తక్కువ. సందు తగ్గితే వేడికి పిస్టన్ కరుచుకుంటుంది, పెరిగితే లొడలొడమని కొట్టుకుని ఆయిలు తాగుతుంది. కోశాక గోడ మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పెడతారు. నున్నగా అద్దంలా చేయొచ్చుగా అని అడిగితే ఆ పనివాళ్ళు చెప్పే కారణం వినండి. ఆ గీతల్లోనే ఆయిలు నిలుస్తుంది, రింగులు ఒదుగుతాయి. కొత్తగా బోరు చేయించిన బండిని మొదటి ఐదువందల కిలోమీటర్లు మెల్లగా తోలమనేది ఆ ఒదుగుదల కోసమే.

బండి రూపం మార్చే కళాకారుల దగ్గరికి వస్తే, అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి. హైదరాబాదులో ఐమోర్ కస్టమ్స్ లాంటి వర్క్‌షాపులు పెయింటుతో, రేకు పనితో బుల్లెట్లకు కొత్త అందం ఇచ్చి పేరు తెచ్చుకున్నాయి. అలాంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఎంత ఖర్చయింది, ఎన్నాళ్ళు పట్టింది అనే రెండు ప్రశ్నల దగ్గరే చాలామంది ఆగిపోతారు. ముందు ఫోర్కును ఎంత వాల్చారు అని అడగండి. ఫోర్కు ఎక్కువ వాలిస్తే బండి పొడవై, తిన్నటి రోడ్డు మీద నిలకడగా పోతుంది, సందుల్లో, మలుపుల్లో మాత్రం తిరగనంటుంది. వెడల్పు టైరు వేస్తే బ్రేకు సంగతేం చేశారో అడగండి. పని తెలిసినవాడు ఈ ప్రశ్నలకు ఉత్సాహంగా జవాబు చెబుతాడు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషనులో ఉన్న వివరాలకు, తయారీదారు ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు ఐదువేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ వచ్చాయి. సరిహద్దువాళ్ళకు ఇంకో లెక్క ఉంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని పన్నెండు నెలలకు మించి ఇంకో రాష్ట్రంలో ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. కర్ణాటక 2014లో ముప్పై రోజులు దాటితే చాలు జీవితకాలపు పన్ను కట్టమంటూ సవరణ తెచ్చింది, 2016లో హైకోర్టు దాన్ని కొట్టేసింది.

సైలెన్సర్ల విషయంలో మాత్రం నేను మెకానిక్కుల పక్షం. బళ్ళ తయారీలో చప్పుడుకు హద్దు ఉంది: 80 నుంచి 175 సీసీల మధ్య బండికి 77 డెసిబెల్స్, ఆ పైన 80. కుర్రవాళ్ళు లోపలి జాలీ పీకేసి చప్పుడు పెంచుకుంటారు, పోలీసులు వాటిని పట్టుకుని రోడ్డు రోలరు కింద తొక్కించడం వార్తల్లో చూస్తూనే ఉన్నాం. పికప్ పెరుగుతుందని ఆశ. నిజానికి టూ స్ట్రోకు సైలెన్సరు లావైన గొట్టంగా ఉబ్బి మళ్ళీ సన్నబడటంలో ఒక రహస్యం ఉంది. బయటికి పోయే పొగ అల ఆ సన్నటి చివర తగిలి వెనక్కి మళ్ళి, సిలిండరు నుంచి జారిపోబోయే తాజా పెట్రోలు మిశ్రమాన్ని తిరిగి లోపలికి తోస్తుంది. దాన్ని కోస్తే ఆ తోపు పోతుంది, శక్తి తగ్గి చప్పుడు మిగులుతుంది. ఇది ప్రతి పాత ఆర్ఎక్స్ మేస్త్రికీ తెలుసు. అడిగిన కుర్రవాడికి చెబుతాడు కూడా. ఆస్పత్రి పక్క వీధిలో అర్ధరాత్రి ఆ చప్పుడు విన్నవాళ్ళ బాధ తలుచుకుంటే, ఆ మాట ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

రిపేరు చేతుల నుంచే పెద్ద ఆవిష్కరణలు పుట్టిన సంగతి ప్రపంచమంతా ఉంది. సోయిచిరో హోండా 1922లో టోక్యోలోని ఒక రిపేరు షాపులో కుర్రవాడిగా చేరాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం వదిలేసిన చిన్న జనరేటరు ఇంజన్లను సైకిళ్ళకు తగిలించి అమ్మాడు, 1948లో కంపెనీ పెట్టాడు. 1958లో వచ్చిన సూపర్ కబ్ తయారీ 2017 నాటికి పది కోట్లు దాటింది. న్యూజిలాండ్‌లో బర్ట్ మన్రో అనే పెద్దాయన 1920 నాటి ‘ఇండియన్’ అనే అమెరికా కంపెనీ బండికి తన షెడ్డులోనే పిస్టన్లు పోత పోసుకుని, 1967లో అమెరికా ఉప్పుమైదానం మీద వెయ్యి సీసీలలోపు వేగం రికార్డు సాధించాడు. అప్పటికి ఆయన వయసు అరవై ఎనిమిది. రేసుల్లో అన్నిటికంటే కఠినమైన డకార్ ర్యాలీలో ఇప్పటికీ ఒక విభాగం ఉంది, అందులో పాల్గొనేవాళ్ళకు మెకానిక్ ఉండడు. పగలంతా ఎడారిలో తోలి, రాత్రి తమ బండి తామే విప్పి బిగించుకోవాలి. బెంగళూరుకు చెందిన సీఎస్ సంతోష్ 2015లో డకార్ పూర్తిచేసిన మొదటి భారతీయుడు. అలాంటి రైడర్‌ను వేగం గురించి అందరూ అడుగుతారు. దారిలో బండి ఆగితే ముందు ఏం చూస్తావు అని అడిగితే వచ్చే జవాబు సండూరు దారిలో ఆగిపోయిన కుర్రవాడికీ పనికొస్తుంది.

తోలే హక్కు ఎవరిదన్న ప్రశ్న కూడా ఈ సంభాషణల్లో ఉండాలి. 2018లో హైదరాబాదు నుంచి జైభారతి, పియా బహదూర్‌తో కలిపి నలుగురు మహిళలు మెకాంగ్ నది దేశాల దాకా బైకుల మీద వెళ్ళొచ్చారు. జైభారతి ఆ తర్వాత ‘మోవో’ సంస్థ ద్వారా ఆడవాళ్ళకు బండి నేర్పిస్తున్నారు. సరిహద్దు పల్లెల్లో ఎక్సెల్ మీద పాలక్యాన్లు, గడ్డిమోపులు తీసుకెళ్ళే ఆడవాళ్ళు ఉన్నారు. షెడ్డుకు వస్తే వాళ్ళను వదిలి పక్కన నిలబడ్డ మగవాడితో మాట్లాడే అలవాటు మన మేస్త్రులు మానుకోవాలి. రోజూ తోలే మనిషికే బండి చప్పుడులో తేడా తెలుస్తుంది.

ఇప్పుడు ఈ విద్యకు వచ్చిన చిక్కు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చాయి, దాదాపు అన్ని కొత్త బళ్ళలో కార్బరేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఎంత పెట్రోలు చిమ్మాలో సెన్సర్లు చూసి ఒక చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. పొగ తగ్గింది, మైలేజీ బాగుంది. కానీ చెవితో, ముక్కుతో, ప్లగ్గు రంగుతో చదివే పాఠంలో కొంత భాగం ఆ పెట్టెలోకి వెళ్ళిపోయింది. దాన్ని చదవాలంటే స్కానరు కావాలి, కంపెనీ సాఫ్ట్‌వేరు కావాలి. తెలివైన మేస్త్రులు కొన్ని దారులు కనుక్కున్నారు. కొన్ని కంపెనీల బళ్ళలో మీటరు దగ్గరి ఇంజను లైటు వెలిగి ఆరే తీరులోనే రోగం పేరు ఉంటుంది. పొడుగు మెరుపు పది, పొట్టి మెరుపు ఒకటి. మెరుపులు లెక్కపెట్టి, కోడు పట్టికలో చూసుకుని ఏ సెన్సరు చెడిందో చెప్పేస్తారు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. మోటారు వాహనాలూ అందులో ఒక రంగం. బాగుచేసుకునే విధానం, విడిభాగాల వివరాలు కంపెనీలు బయటపెట్టాలన్నది దాని ఉద్దేశం. సరిహద్దు షెడ్డుకు అది చేరాలంటే కోడు పట్టికలు, వైరింగు బొమ్మలు తెలుగులో, కన్నడలో ఉండాలి, ఫోనులో తెరుచుకోవాలి. బండి కొనేటప్పుడు షోరూములో రంగుల గురించి అడిగినంతసేపు ఈ సంగతి కూడా అడగడం మన హక్కు.

పాత విద్యను నిలబెట్టుకోవడానికి కెమెరాలూ మైకులూ అక్కర్లేదు, చేతిలో ఉన్న ఫోను చాలు. మీ మేస్త్రి ఒప్పుకుంటే, ఇంజను విప్పకముందు దాని చప్పుడు ఒక నిమిషం రికార్డు చేయండి. బాగుచేశాక అదే వేగంలో ఇంకో నిమిషం. మధ్యలో ఆయన్ను మూడు అడగండి: విని ఏమనుకున్నారు, విప్పాక ఏం కనిపించింది, ఈ చప్పుడు గుర్తుపట్టడం ఏ ఉస్తాదు నేర్పారు. ఫైలు పేరులో బండి రకం, ఏడాది, తిరిగిన కిలోమీటర్లు, ఊరు రాసి పెట్టుకోండి.